నోట్లో వేలు

ఎంగిలి దగ్గర మనవాళ్లకున్న పట్టింపు చూడాలంటే చేతికి మంచినీళ్ల గ్లాసు ఇచ్చి చూడాలి. గ్లాసును మూతికి జానెడు ఎత్తున పట్టుకుని, తల వెనక్కి వాల్చి, ధార నేరుగా గొంతులోకి పోసుకుంటారు. పెదవి తగలదు. చొక్కా తడిస్తే తడిసింది, గ్లాసు మాత్రం ఎంగిలి కాకూడదు. వంటింట్లో ఉప్పు చూడాలన్నా గరిటెకు నాలుక ఆనించడానికి లేదు. అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాకి, చెయ్యి కడుక్కుని మళ్లీ గరిటె పట్టుకోవాలి. నైవేద్యం సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ విషయంలో శబరికి దొరికిన మినహాయింపు మళ్లీ ఇంకెవరికీ దొరికినట్టు లేదు.

ఇంత నిష్ఠ గల మనిషి సాయంత్రం కిరాణా కొట్టుకు వెళ్తాడు. కొట్టాయన బొటనవేలు నాలుకకు అద్ది నోట్లు లెక్కపెడతాడు. లెక్క మీద నమ్మకం చాలక మళ్లీ అద్ది మళ్లీ లెక్కపెడతాడు. మనవాడు ఆ నోట్లు అందుకుని, లక్ష్మి కదా అని కళ్లకద్దుకుని, గుండెకు దగ్గరగా చొక్కా జేబులో పెట్టుకుంటాడు. మర్నాడు పొద్దున వాటిలో ఒకటి పాలబూత్‌లో బోణీ అవుతుంది. పాలాయన కూడా కళ్లకద్దుకుంటాడు. ఆ నోటు అక్కడికి ఎన్ని నాలుకలు దాటి వచ్చిందన్న విచారం ఎవరికీ లేదు. మన మడి, ఆచారం, శుభ్రత అన్నీ కట్టుదిట్టంగా కట్టిన గోడలే గానీ, కాగితం దూరేంత సందు ఒకటి వదిలేశారు.

ఆ సందు మూయడానికే ఒక వస్తువు పుట్టింది. అరచేతిలో ఇమిడే గుండ్రటి ప్లాస్టిక్ గిన్నె, అందులో ఒక స్పాంజి బిళ్ల, దాన్నిండా నీళ్లు. స్టేషనరీ షాపులో డ్యాంపర్ అంటే ఇస్తారు. బ్యాంకులో మేం స్పాంజి అనే అనేవాళ్లం. ఉద్యోగమంతా క్యాష్ కౌంటర్లో దాని పక్కనే కూర్చుని చేసినవాణ్ని కాబట్టి దాని గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుందనుకుంటాను. పోటీకి వచ్చేవాళ్లు కూడా కనబడటం లేదు.

అసలు వేలికి తడి ఎందుకు? పొడి వేలు కాగితం మీద సరిగ్గా ఆనదు. పైచర్మం గట్టిగా ఉంటుంది, వేలిముద్ర గీతల కొసలు మాత్రమే కాగితాన్ని తాకి జారిపోతాయి. కాస్త చెమ్మ తగిలితే చర్మం మెత్తబడి ఎక్కువ మేర కాగితాన్ని హత్తుకుంటుంది. పట్టు దొరుకుతుంది. తడి మరీ ఎక్కువైతే వేలికీ కాగితానికీ మధ్య నీటిపొర ఏర్పడి మళ్లీ జారుడే. కావలసింది చెమ్మ, నీళ్లు కాదు. స్పాంజి గొప్పతనమంతా అక్కడే ఉంది: కడుపునిండా నీళ్లు పెట్టుకుని, నొక్కినంత మేరకే వదులుతుంది. ప్రకృతి ఈ ఏర్పాటు మన వేళ్లలోనే చేసింది. వేలిముద్ర గీతల వెంబడి వరసగా చెమట రంధ్రాలుంటాయి. పాతికేళ్ల కుర్రాడి వేలు ఎవరూ చెప్పకుండానే తగినంత చెమ్మగా ఉంటుంది. వయసు పైబడేకొద్దీ చర్మం పొడిబారుతుంది, చెమట తగ్గుతుంది. అందుకే పేపరు తిప్పేటప్పుడు తాతగారికి నాలుక అవసరం పడుతుంది, మనవడికి పడదు. మనవడు అసలు పేపరే తిప్పడన్నది వేరే గొడవ.

ఇక ఎదురుగా ఉన్న కాగితం సంగతి. మన కరెన్సీ నోటు నూటికి నూరు పాళ్లు పత్తితో చేసిన కాగితం. అంటే యార్డుకు పత్తి తోలిన రైతు ఇంటికి తెచ్చుకునేదీ పత్తే, కాకపోతే బాగా తక్కువ బరువులో. పత్తి గనక అది దేన్నైనా తాగుతుంది: చెమట, కొబ్బరినూనె, పసుపు, బజ్జీల బండి దగ్గరి నూనె. కొత్త నోటు పెళపెళలాడుతూ పక్క నోటును అంటిపెట్టుకుని ఉంటుంది, విడదీయడానికి తడి కావాలి. పాత నోటు నలిగి మెత్తబడి వేలికి లొంగదు, దానికీ తడే కావాలి. వంద నోట్లు కలిస్తే ఒక కట్ట, అలాంటి పది కట్టలు కలిస్తే బండిల్. కౌంటర్ అవతల జనం చూస్తుండగా వెయ్యి నోట్ల బండిల్ విప్పి లెక్కపెట్టడం ఎలా ఉంటుందో కూర్చున్నవాడికే తెలుస్తుంది. ఎక్కడో రెండు నోట్లు అతుక్కుని ఒకటిగా వెళ్లిపోతే, సాయంత్రం తేలిన తేడా మన జేబులోంచి కట్టాలి. అతుక్కున్న ఆ రెండో నోటును పట్టిచ్చేది చెమ్మగా ఉన్న వేలే.

మా హెడ్ క్యాషియర్ గారికి ఈ విషయంలో గట్టి సిద్ధాంతం ఉండేది. పొద్దున తాళాలు తీసి క్యాష్ బయటికి రాకముందే స్పాంజికి అభిషేకం జరగాలి. పాత నీళ్లు పారబోసి, స్పాంజి పిండి, బోర్లించి, మళ్లీ కొత్త నీళ్లు. నీళ్లు స్పాంజి మెడ దాకా రావాలి, తల మునగకూడదు. వేసవిలో రెండు చుక్కలు గ్లిజరిన్ కలిపేవారు, త్వరగా ఆరకుండా. పక్క కౌంటర్లో ఇంకొకాయన డెట్టాల్ వేసేవాడు. ఆయన దగ్గర డబ్బు తీసుకున్నవాళ్లు ఆసుపత్రి బిల్లు కట్టి వచ్చిన ముఖం పెట్టుకుని వెళ్లేవాళ్లు. ఒకసారి అటెండరు, కుళాయి దాకా వెళ్లడం బద్ధకించి, టీ గ్లాసు తొలిచిన నీళ్లు పోశాడు. అడుగున చక్కెర మిగిలి ఉందని చీమలు కనిపెట్టాక గానీ మాకు తెలియలేదు. గోడ పగులు నుంచి బారు తీసి, లెడ్జర్ మీదుగా వచ్చి, పది రూపాయల కట్టలెక్కాయి. వాటిని దులపడానికి పట్టిన సేపట్లో బయట లైను వీధిలోకి వెళ్లింది.

మాచర్ల వైపు పనిచేసిన రోజుల్లో ఎండాకాలం పదకొండయ్యేసరికి స్పాంజి ఎండిపోయేది. పక్కనే రెంటచింతల, ఉష్ణోగ్రతల వార్తల్లో ఆ ఊరి పేరు లేకుండా వేసవి వెళ్లేది కాదు. ఫ్యాన్ వేస్తే నోట్లు ఎగురుతాయి, ఆపితే మనుషులు ఎగురుతారు. చివరికి మధ్యేమార్గంగా ఫ్యాన్ వేసి, కట్టల మీద పేపర్ వెయిట్లు పెట్టి, ఎండిన స్పాంజిని చూసి నిట్టూర్చి, అందరం నాలుకకే తిరిగొచ్చేవాళ్లం. స్పాంజి ఎండాక అది గట్టిపడి గిన్నెలోంచి లేచి నిలబడుతుంది. దాని గుంటలో గుండుసూదులు, రబ్బరు బ్యాండ్లు, ఎవరో వదిలేసిన గుండీ వచ్చి చేరతాయి. కొత్త స్పాంజి కోసం ఇండెంట్ పెడితే రీజినల్ ఆఫీసు నుంచి కార్బన్ పేపర్లు వచ్చేవి. నాలుకతో ఉన్న సుఖం ఏమిటంటే దానికి ఇండెంట్ అక్కర్లేదు, స్టాక్ రిజిస్టర్లో ఎక్కించనక్కర్లేదు, బదిలీ అయినప్పుడు చార్జి అప్పజెప్పనక్కర్లేదు.

స్పాంజి నిండుగా ఉన్న రోజున కూడా చేయి నాలుక వైపే వెళ్లేది, అదీ విచిత్రం. హెడ్ క్యాషియర్ గారు కళ్లజోడు మీదుగా చూసి, "ఏమయ్యా, ఎదురుగా చెరువు పెట్టుకుని బావి తవ్వుతావెందుకు?" అనేవారు. ఆయన అటు తిరగ్గానే మళ్లీ బావే.

ఒక్క చోట మాత్రం ఈ అలవాటు సమూలంగా పోయింది. గుంటూరు బదిలీ అయినప్పుడు చూశాను. మిర్చి యార్డు సీజన్ అది. యార్డు నుంచి వచ్చే నోట్లు చూడటానికి అన్ని నోట్లలాగే ఉంటాయి. కట్ట విప్పగానే మొదట ముక్కు చెబుతుంది, తర్వాత కళ్లు చెబుతాయి. గోతాల మీద, చేతుల మీద, గాలిలో ఉన్న కారమంతా ఆ పత్తి కాగితం తాగి వచ్చి కౌంటర్ మీద కూర్చునేది. సీజన్ ఉన్నన్నాళ్లూ ఆ బ్రాంచిలో అందరూ స్పాంజి భక్తులే. ఎవరూ చెప్పనవసరం లేకుండా నాలుక లోపలే ఉండేది.

చెప్పనవసరం లేదనుకోవడం వల్లే ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన ప్రొబేషనరీ ఆఫీసరుకు ఎవరూ చెప్పలేదు. చురుకైన కుర్రాడు. క్యాష్ పని నేర్చుకుంటానని స్వయంగా వచ్చి కూర్చుని, ఒక కట్ట అందుకుని, చాలా నిబ్బరంగా వేలు నాలుకకు అద్దాడు. ఒకటి నుంచి పదకొండు వరకు లెక్క మామూలుగానే నడిచింది. రెండోసారి అద్దిన తర్వాత లెక్క ఆగింది. మనిషి ఎర్రబడ్డాడు. మాట రావడం లేదు, కళ్లనీళ్లు మాత్రం వస్తున్నాయి. పాపం, తుడుచుకుందామని అదే వేలితో కన్ను నులుముకున్నాడు. ఆ తర్వాతది బ్యాంకు చరిత్రలో రాయదగ్గ ఘట్టం గానీ ఎవరూ రాయలేదు. అటెండరు పరుగెత్తి చక్కెర తెచ్చాడు, మేనేజరు గారు మజ్జిగ తెప్పించారు, కౌంటర్ అవతల ఉన్న వ్యాపారి మాత్రం తన సరుకుకు జరుగుతున్న సన్మానం చూసి కాస్త గర్వంగానే నిలబడి, "బాబుగారూ, అది తేజ రకమండీ" అన్నాడు. ఆ కుర్రాడు తర్వాత పెద్ద హోదాలోకి వెళ్లాడని విన్నాను. ఎక్కడ పనిచేసినా బల్ల మీద స్పాంజి ఉందో లేదో మొదట చూసుకునే ఉంటాడు.

గ్రామాల్లోని బ్రాంచిలకు పెన్షన్ రోజున ఇంకో రకం చిక్కు. సంతకం రానివాళ్ల కోసం కౌంటర్ మీద ఊదారంగు సిరా ప్యాడ్ ఉంటుంది. దాని పక్కనే స్పాంజి గిన్నె. రెండూ గుండ్రమే, రెండూ తడిగానే ఉంటాయి. ఒక అవ్వ వచ్చింది. అటెండరు, "అవ్వా, వేలు ప్యాడ్ మీద గట్టిగా అద్ది, ఈ కాగితం మీద వెయ్యి" అని చెప్పి అటు తిరిగాడు. అవ్వ బొటనవేలు స్పాంజిలో గట్టిగా అద్దింది. విత్‌డ్రాయల్ ఫారం మీద శ్రద్ధగా ఒత్తింది. చక్కటి తడి ముద్ర పడింది. ఫారం ఆఫీసరు బల్ల దాకా వెళ్లేలోపు ఫ్యాన్ గాలికి ఆరిపోయింది.

"వేలిముద్ర ఏదమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఇప్పుడే గదయ్యా వేసింది! ఇంతలోకే ఎవరు తుడిచారు?"

మళ్లీ వేసింది. మళ్లీ ఆరింది. మూడోసారికి అవ్వకు కోపం వచ్చింది. "మీ బ్యాంకు సిరాలో పస లేదు నాయనా. మా సొసైటీలో వేస్తే మూడు రోజులు అన్నం ముద్ద కూడా ఊదాగా ఉంటుంది. ఇక్కడ చూడు, వేలు వచ్చినప్పటికంటే శుభ్రంగా ఉంది" అని చూపించింది. నిజమే, శుభ్రంగా ఉంది. అప్పుడు అసలు సంగతి బయటపడి, ఎవరూ నవ్వకుండా తంటాలు పడి, సిరా ప్యాడ్ ముందుకు జరిపారు. ముద్ర బ్రహ్మాండంగా పడింది. అవ్వ తృప్తిగా తలాడించి, వేలికంటిన సిరాను, ఈ నీళ్లగిన్నె ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమైందన్న ముఖంతో, స్పాంజిలో ముంచి కడుక్కుని వెళ్లింది.

ఆ తర్వాత స్పాంజి ఎన్నిసార్లు పిండినా ఊదా రంగే. నేనిచ్చిన నోట్ల మూలలన్నీ ఊదా రంగే. నా చూపుడు వేలు చూసి ఊళ్లో ఇద్దరు ముగ్గురు "ఓట్లెప్పుడండీ, మాకు తెలియకుండానే?" అని అడిగారు.

బ్యాంకు వదిలేసి బయట చూస్తే, స్పాంజికి నోచుకోని నాలుకలు ఎన్నో. పాత రోజుల ఆర్టీసీ కండక్టరును తల్చుకోండి. భుజాన తోలు సంచి, చేతిలో టికెట్ల పెట్టె, వేళ్ల సందున నిలువుగా మడిచిన నోట్లు, ఇవన్నీ పట్టుకుని గుంతల రోడ్డు మీద ఊగుతూ టికెట్లు కొట్టాలి. స్పాంజి గిన్నె ఎక్కడ పెట్టుకుంటాడు? బొటనవేలు నాలుకకు అద్ది, టికెట్టు చింపి చేతిలో పెట్టేవాడు. ప్రయాణికుడికి ఒక చేతిలో సంచి, రెండో చేతిలో పైకమ్మీ. కాబట్టి ఆ టికెట్టును పెదాల మధ్య పట్టుకునేవాడు. ఇంట్లో గ్లాసు జానెడు ఎత్తున పట్టుకునే పెద్దమనిషే ఇతను కూడా. టికెట్లు కొట్టే మెషీన్లు వచ్చాక ఈ బంధుత్వం తెగిపోయింది.

ఆఫీసుల్లో రెవిన్యూ స్టాంపుది ఇంకో కథ. అయిదు వేలు దాటిన సొమ్ము అందినట్టు రాసిచ్చే రసీదు మీద రూపాయి స్టాంపు అతికించి, దాని మీద పడేలా సంతకం చేయాలన్నది చట్టం. నాలుకతో తడపాలని చట్టంలో లేదు గానీ, జీతాల రోజున స్టాఫ్ రూములో చూస్తే అదే చట్టం అనిపించేది. లెక్కల మాస్టారు, తెలుగు మాస్టారు, డ్రిల్లు మాస్టారు వరసగా నాలుకలు చాపి స్టాంపులు అద్దుకుంటూ నిలబడితే, ఆ సమయానికి స్కూలు తనిఖీకి వచ్చినవాళ్లు ఎవరైనా డాక్టరు వచ్చాడేమో అనుకుంటారు. పక్కనే జిగురు సీసా ఉంటుంది. దాని మూతి ఎప్పుడో బిగుసుకుపోయి ఉంటుంది. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో అయితే పరీక్ష రాసిన పిల్లవాడి చెమట, దిద్దే మాస్టారి ఉమ్మి ఒకే కాగితం మీద కలుస్తాయి. గురుశిష్య సంబంధం అంతకంటే దగ్గరగా రావడం కష్టం.

మన పూర్వులకు ఈ గొడవ లేదు. తాళపత్రాలకు చిల్లులు పెట్టి తాడు గుచ్చేవారు, ఆకు మీద ఆకు తిప్పుకుంటూ పోవడమే. భారతం రాసినవాళ్లు గంటం పదునుపెట్టుకుని ఉంటారు గానీ వేలు నాలుకకు అద్ది ఉండరు. కాగితం వచ్చాకే నాలుకకు ఈ ఉద్యోగం వచ్చింది.

దాని ప్రమాదాన్ని మాత్రం అరేబియన్ నైట్స్ కథలు అల్లినవాళ్లు ఏనాడో పసిగట్టారు. యూనాన్ అనే రాజుకు కుష్ఠు. దూబాన్ అనే వైద్యుడు మందు మింగించకుండా, పూత పూయకుండా నయం చేస్తానంటాడు. పోలో ఆడే కర్ర పిడిలో మందు నింపి, అరచేతికి చెమట పట్టేదాకా ఆడమంటాడు. చెమటతో మందు ఒంట్లోకి దిగి రాజుకు నయమవుతుంది. ఓర్వలేని మంత్రి ఒకడు చెవిలో విషం పోస్తాడు, రాజు వైద్యుడికే మరణశిక్ష వేస్తాడు. వైద్యుడు పోతూ పోతూ ఒక పుస్తకం బహుమతిగా ఇచ్చి, నా తల నరికాక ఇందులో పేజీలు తిప్పి చదివితే ఆ తల మీతో మాట్లాడుతుంది అంటాడు. తల నరుకుతారు. రాజు పుస్తకం తెరుస్తాడు. పేజీలు అతుక్కుని ఉంటాయి. వేలు నాలుకకు అద్దుకుని ఒకటి, రెండు, మూడు తిప్పుతాడు. ఏమీ రాసి ఉండదు. ఇంకా తిప్పమంటుంది తల. ఇంకా తిప్పుతాడు. పేజీలకు పట్టించిన విషం అప్పటికే తన పని తాను చేసుకుపోతుంటుంది. చేతి చెమ్మతో బతికినవాణ్ని నోటి చెమ్మతో చంపడం, వైద్యుడిగా ఎంత ముచ్చటైన లెక్క! ఇటలీ రచయిత ఉంబెర్టో ఎకో కూడా 1980లో వచ్చిన తన నవల 'ది నేమ్ ఆఫ్ ది రోజ్'లో పుస్తకం పేజీలకే విషం పూయించాడు. క్యాషియరుగా ఈ కథలు చదివినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది: రాజుగారి సింహాసనం పక్కన వింజామర వీచేవాళ్లు ఇద్దరున్నారు, తాంబూలం అందించేవాడు ఉన్నాడు, స్పాంజి గిన్నె పట్టుకునే మనిషి ఒక్కడు లేకపోయాడు.

మా నోట్ల కట్టల్లో విషం లేదు గానీ ఇనుముండేది. 2001 చివరి దాకా కట్టకు లావుపాటి స్టేపుల్ పిన్నులు కొట్టేవాళ్లం. అవి పీకడానికి కౌంటర్లో పటకారు, స్క్రూడ్రైవరు ఉండేవి. క్యాష్ విభాగమో మోటారు షెడ్డో తెలిసేది కాదు. ప్రతి నోటుకూ ఎడమ పక్క చిల్లులు, ప్రతి క్యాషియరుకూ వేలికి గాట్లు. అప్పుడప్పుడూ స్పాంజి నీళ్లు ఎర్రబడేవి. నోట్లను శుభ్రంగా ఉంచాలని రిజర్వు బ్యాంకు ఆ ఏడాది పిన్నులు నిషేధించి, కాగితపు పట్టీలు చుట్టమంది. పిన్నులు మానేశాం. నోట్ల మీద అంకెలు రాయడం మానేశాం. నాలుక మానలేదు.

తర్వాత 2016 నవంబరు 8 రాత్రి వచ్చింది. పాత అయిదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్న ప్రకటన విని దేశమంతా బీరువాలు తెరిచింది. ఆ వారాల్లో మా కౌంటర్‌కు వచ్చిన నోట్లకు ఒక్కోదానికి ఒక్కో వాసన. బియ్యం డబ్బాలోవి తవుడు వాసన, చీరల మడతల్లోవి నాఫ్తలీన్ వాసన, పూజగదివి అగరుబత్తి వాసన, పోపులపెట్టెలోవి చెప్పనే అక్కర్లేదు. భర్తకు తెలియకుండా దాచినవి తెచ్చిన ఇల్లాళ్లు గొంతు తగ్గించి మాట్లాడేవారు. నేనూ తగ్గించి లెక్కపెట్టేవాణ్ని. రాత్రి ఎంతసేపైనా లెక్క తేలేది కాదు. దానికి తోడు కొత్త నోట్ల కొలతలు మారాయి. పాత వెయ్యి నోటు 177 మిల్లీమీటర్ల పొడవు, 73 వెడల్పు. కొత్త రెండు వేల నోటు 166 పొడవు, 66 వెడల్పు. జీవితమంతా ఒక కొలతకు అలవాటుపడ్డ వేలు, నోటు అంచు ఉండవలసిన చోట గాలిని తిప్పేది. ఆ రోజుల్లో మాత్రం స్పాంజికి పూర్తి గౌరవం దక్కింది. ఎందుకంటే అన్ని గంటలు పనిచేశాక నాలుకలో తడి మిగిలేది కాదు.

నోట్లు లెక్కపెట్టే మెషీన్లు అంతకుముందే వచ్చాయి. వాటి లోపల కూడా రబ్బరు చక్రాలే నోటును వేలిలా లాగుతాయి, కాకపోతే వాటికి ఎంగిలి అక్కర్లేదు. అయినా మెషీన్ చూపించిన అంకెను నమ్మి వెళ్లిపోయిన ఖాతాదారుణ్ని నేను చూడలేదు. పక్కకు జరిగి, వేలు అద్దుకుని, మళ్లీ ఒకసారి తన లెక్క తాను చూసుకోవలసిందే. 2020లో కరోనా వచ్చినప్పుడు మూతికి మాస్కు ఉన్న సంగతి మరిచి వేలు పైకెత్తి, గుడ్డకు అద్ది, అదే పట్టుతో లెక్కపెట్టినవాళ్లున్నారు. ఇప్పుడు ఆకుకూరల ఆమె దగ్గర కూడా క్యూఆర్ కోడ్ అట్ట వేలాడుతోంది. ఆమెకు ఎప్పుడూ స్పాంజి అవసరం పడలేదు. తోటకూర మీద నీళ్లు చల్లే చేయి గనక ఆమె ఇచ్చే పది రూపాయల నోటు ఎప్పుడూ తడిగానే వచ్చేది.

కాగితం తగ్గితే వేలికి విశ్రాంతి దొరుకుతుందనుకున్నాను. కాగితం పోయి గాజుపలక వచ్చింది. రేషన్ షాపులో బియ్యం కావాలంటే మెషీన్ మీద వేలు పెట్టాలి. జీవితమంతా నాట్లు వేసి, కలుపు తీసి, గిన్నెలు తోమి అరిగిపోయిన వేళ్లను ఆ మెషీన్ గుర్తుపట్టదు. డీలరు, "వేలు తలకు రుద్దుకో పెద్దమ్మా" అంటాడు. కొబ్బరినూనె జిడ్డు తగిలితే గీతలు పడతాయని అతని అనుభవం. కొందరు తడిగుడ్డ పెడతారు. ఏ వేలైతే మాకు నోట్లు తిప్పడానికి చెమ్మ అడిగేదో, అదే వేలు ఇప్పుడు తాను ఫలానా మనిషినని చెప్పుకోవడానికి అడుగుతోంది.

పెన్షనర్లకు ఇంకాస్త పెద్ద పరీక్ష. మనం ఎవరమో చెబితే చాలదు, ఉన్నామని చెప్పాలి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటి నుంచి ఏటా నవంబరులో వేలిముద్ర వేసి బతికున్నామని నిరూపించుకోవచ్చు. పోయిన నవంబరులో మా వీధి చివరి ఆన్‌లైన్ సెంటరుకు వెళ్లాను. కుర్రాడు చురుకైనవాడే. బొటనవేలు పెట్టమన్నాడు. మెషీన్ ఎర్రలైటు వేసింది.

"పొడిగా ఉంది అంకుల్. తలకు రుద్దండి."

నా తల మీద రుద్దుకోవడానికి అనువైన నేల బోలెడుంది గానీ నూనె పెట్టే పంట లేదు. రుద్దినా మెషీన్ ఒప్పుకోలేదు.

"పోనీ నాలుకకు అద్దండి అంకుల్. అందరూ అదే చేస్తారు."

ఆ గాజుపలక మీద పొద్దుటి నుంచి వరసగా ఎవరెవరి వేళ్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చి ఆనాయో అప్పుడు అర్థమైంది. బాబూ, ముప్పై నలభై రూపాయలకు స్పాంజి గిన్నె దొరుకుతుంది, ఒకటి తెచ్చి పెట్టుకో అన్నాను. దాని నిర్మాణం, నీళ్ల మట్టం, గ్లిజరిన్ పాళ్లు వివరించాను. వెనకాల లైన్లో ఉన్న రిటైర్డ్ మాస్టారు ఒకాయన "కానివ్వండి సార్, మేమూ ఇంకా బతికే ఉన్నాం" అన్నారు. కుర్రాడు వాటర్ బాటిల్ మూతలో నీళ్లు పోసి ఇచ్చాడు. వేలు ముంచి పెట్టాను. నీళ్లు ఎక్కువయ్యాయి, మెషీన్‌కు వేలు బదులు చెరువు కనబడి మళ్లీ ఎర్రలైటు వేసింది.

"వేలొద్దులెండి" అని కుర్రాడు ఫోన్ తీశాడు. 2021 నుంచి ముఖం చూపించినా సరిపోతుందట. ఫోన్ నా ముఖానికెదురుగా పట్టుకుని, "కళ్లార్పండి అంకుల్, లేకపోతే ఫోటో అనుకుంటుంది" అన్నాడు.

ఆర్పాను. వచ్చే నవంబరు దాకా నేను ఉన్నట్టే లెక్క అని రాసిచ్చింది.